‘నువ్వే కదా సంతకం పెట్టావ్’ అనే మాటకు చట్టం ముందు విలువెంత?

ముందు మీరు రాసి అడిగిన సంగతి నాకు అర్థమైనట్టు చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. హైదరాబాద్ శివార్లలో 60 మంది పనిచేసే ఒక ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్‌లో స్టోర్స్‌లో 6 సంవత్సరాల 8 నెలలు చేశారు. జీతం నెలకు 26 వేలు, అందులో బేసిక్ 10 వేలే, మిగతాదంతా అలవెన్సులు. రూల్ ప్రకారం నెల నోటీసు ఇచ్చి మానేశారు. ఇప్పుడేమో చివరి నెల జీతం ఆపారు. గ్రాట్యుటీ (ఏళ్ల తరబడి చేసినందుకు మానేసేటప్పుడు కంపెనీ ఇవ్వాల్సిన మొత్తం) అడిగితే ‘అది సీటీసీలో, అంటే నీ మీద కంపెనీ పెట్టే ఏడాది ఖర్చులో కలిసే ఉంది, చేరేటప్పుడు నువ్వే కదా సంతకం పెట్టావ్’ అంటున్నారు. పీఎఫ్ పాస్‌బుక్ తెరిస్తే 14 నెలలుగా పైసా పడలేదు, పే స్లిప్‌లో మాత్రం ప్రతి నెలా కటింగ్ ఉంది. ఇది చాలక, అన్నీ ముట్టాయని నో డ్యూస్ కాగితం మీద సంతకం చేస్తేనే రిలీవింగ్ లెటర్ ఇస్తామంటున్నారు.

నేను లాయర్‌ని కాను, అది ముందే చెప్తున్నా. ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసులో కార్డులు పంచ్ చేయించే పనితో మొదలుపెట్టి, తర్వాత చాలా ఏళ్లు కంపెనీల తరఫున పీఎఫ్, ఈఎస్ఐ చలాన్లు వేసే కన్సల్టెంట్ దగ్గర చేశాను. అంటే ఇన్నాళ్లూ మీ హెచ్ఆర్ కూర్చున్న వైపే కూర్చున్నవాణ్ణి. కాబట్టి వాళ్లు ఏ మాట ఎందుకు అంటారో, ఏ మాటకు లోపల భయపడతారో కాస్త తెలుసు.

అసలు విషయం ఈ సంతకం దగ్గరే ఉంది. చట్టం ప్రకారం మీకు రావాల్సింది మీరు సంతకం పెట్టి వదులుకున్నా వదులుకున్నట్టు కాదు. జీతం, బోనస్ వద్దని రాసిచ్చిన ఒప్పందం చెల్లదని వేతనాల కోడ్‌ (జీతాల మీద వచ్చిన కొత్త కేంద్ర చట్టం)లోనే రాసి ఉంది. 1972 నాటి పాత గ్రాట్యుటీ చట్టంలోనూ అంతే ఉండేది, ఏ అగ్రిమెంట్‌లో ఏం రాసుకున్నా చట్టం మాటే పైన. అగ్రిమెంట్‌తో చట్టం ఇచ్చినదానికంటే ఎక్కువ ఇవ్వొచ్చు, తక్కువ ఇవ్వడానికి కుదరదు. ఇది హెచ్ఆర్ వాళ్లకు తెలియక కాదు, మీకు తెలియదనే ధైర్యంతో అంటారు.

ఇంకో విషయం. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, పాత కేంద్ర చట్టాలు 29 వాటిలో కలిసిపోయాయి. ‘కొత్త చట్టం వచ్చింది, పాతవన్నీ రద్దయ్యాయి’ అని మిమ్మల్ని కంగారుపెట్టేవాళ్లు ఉంటారు. నిజానికి మీ కేసులో కొత్త కోడ్‌ల వల్ల రెండు చోట్ల మీకే లాభం.

మొదటిది చివరి జీతం. పాత వేతన చెల్లింపు చట్టంలో కంపెనీ తీసేస్తేనే రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలని ఉండేది, మనంతట మనం మానేస్తే ఆ గడువు వర్తించేది కాదు, పైగా నెలకు 24 వేలు దాటిన జీతానికి ఆ చట్టమే లేదు. అందుకే 45 రోజుల ఎఫ్ అండ్ ఎఫ్ (మానేశాక తేల్చే తుది లెక్క), 60 రోజుల ఎఫ్ అండ్ ఎఫ్ అనే అలవాటు వచ్చింది. ఇప్పుడు వేతనాల కోడ్ 17వ సెక్షన్ రాజీనామాను కూడా కలిపేసింది: తీసేసినా, మీరే మానేసినా, యూనిట్ మూతపడినా రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. జీతం ఎంత అన్న పరిమితి లేదు, సూపర్‌వైజర్, మేనేజర్ అన్న తేడా లేదు. మీ కంపెనీ ‘పాలసీ’ ఏదైనా సరే, పాలసీ చట్టం కింద ఉంటుంది, పైన ఉండదు.

రెండోది గ్రాట్యుటీ లెక్క, ఇక్కడ కాస్త ఓపికగా చదవండి. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసేచోట ఐదేళ్లు పూర్తయితే గ్రాట్యుటీ వస్తుంది. చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు సంవత్సరాలతో గుణించాలి. ఆఖరి సంవత్సరంలో ఆరు నెలలు దాటితే దాన్ని పూర్తి సంవత్సరంగా లెక్కేస్తారు, కాబట్టి మీకు 6 ఏళ్లు కాదు, 7 ఏళ్లు. పాత పద్ధతిలో మీ బేసిక్ 10 వేల మీద లెక్కేస్తే 40,385 రూపాయలు వస్తుంది. కొత్త కోడ్ ప్రకారం అలవెన్సులు మొత్తం జీతంలో సగానికి మించకూడదు, మించినంత భాగం వేతనంలోనే కలుస్తుంది. మీకు 26 వేలలో అలవెన్సులు 16 వేలు, సగం అంటే 13 వేలు, పైనున్న 3 వేలు వచ్చి బేసిక్‌లో కలుస్తాయి. అంటే వేతనం 13 వేలు. దాన్ని 26తో భాగిస్తే 500, పదిహేను రోజులకు 7,500, ఏడేళ్లకు 52,500. కోడ్‌లు వచ్చాక మానేశారు కాబట్టి మీరు అడగాల్సిన అంకె ఇదే. బేసిక్ తక్కువ చూపించి పీఎఫ్, గ్రాట్యుటీ మిగుల్చుకునే పాత చిట్కాకు ఇలా కోత పడింది. (ఆ చిట్కాతో జీతం షీట్లు తయారుచేసినవాళ్లలో నేనూ ఉన్నాను, దాచేదేమీ లేదు.)

‘సీటీసీలో కలిసి ఉంది’ అన్న మాట సంగతి. మీ ఆఫర్ లెటర్ తీసి చూడండి, గ్రాట్యుటీ అనే వరుసలో బేసిక్‌లో 4.81 శాతం అని ఉంటుంది. 15ని 26తో, మళ్లీ 12తో భాగిస్తే వచ్చే అంకె అది. కంపెనీకి ఒక మనిషి మీద ఏడాదికి అయ్యే ఖర్చులో దాన్ని చూపించారు, అంతే. ఆ డబ్బు మీ బ్యాంకు ఖాతాలోకి ఎప్పుడైనా వచ్చిందా? రాలేదు. ఇచ్చినట్టు కాగితం మీద చూపించి, తీరా మానేశాక ‘అప్పుడే కలిపేశాం’ అంటే ఒకే డబ్బు రెండుసార్లు తమ దగ్గరే పెట్టుకున్నట్టు. అసలు చట్టం ప్రకారం మీరు దరఖాస్తు పెట్టినా పెట్టకపోయినా లెక్కకట్టి ఎంతొస్తుందో మీకు రాతపూర్వకంగా చెప్పాల్సింది వాళ్లే, 30 రోజుల్లో ఇవ్వాల్సిందీ వాళ్లే. ఆ గడువు దాటితే వడ్డీతో ఇవ్వాలి. తక్కువ నోటీసు ఇచ్చారనో, స్టాక్ తేడా వచ్చిందనో దీన్ని ఊరికే ఆపడం కుదరదు. కావాలని లేదా నిర్లక్ష్యంతో చేసిన నష్టానికి, లేదా హింస, నైతిక పతనం లాంటి నేరాలకు ఉద్యోగంలోంచి తీసేసిన సందర్భాల్లోనే కోత పెట్టే వీలుంది. మీరు రాజీనామా చేశారు, ఆ గొడవే లేదు.

ఫిక్స్‌డ్ టర్మ్ కాంట్రాక్టు మీద చేసేవాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట, మీకిప్పుడు ఐదేళ్లు అక్కర్లేదు, ఏడాది చేసినా లెక్క ప్రకారం గ్రాట్యుటీ వస్తుంది.

ఇక పీఎఫ్. నా దృష్టిలో మీ నాలుగు సమస్యల్లో అన్నిటికంటే పెద్దది ఇదే, మీరు దీన్ని చివర్లో ఒక్క లైనులో రాశారు. బేసిక్ 10 వేల మీద మీ వాటా 12 శాతం, 1,200. కంపెనీ కూడా 1,200 వేయాలి, అందులో 833 పెన్షన్ ఖాతాకు పోతుంది, 367 పీఎఫ్‌లో పడుతుంది. పాస్‌బుక్‌లో కంపెనీ కాలమ్ కింద 367 చూసి ‘మావాడు సగం కూడా కట్టట్లేదు’ అని చాలామంది గొడవపడతారు, అది తప్పు కాదు, పక్క కాలమ్‌లో 833 ఉంటుంది చూడండి. మీ విషయంలో మూడు కాలమ్‌లూ ఖాళీ. నెలకు 2,400 చొప్పున 14 నెలలకు 33,600. అందులో 16,800 కంపెనీ డబ్బే కాదు, మీ జీతంలోంచి తీసుకున్న మీ డబ్బు.

నేను పనిచేసిన ఒకచోట జరిగింది చెప్తాను. నెలనెలా 15వ తేదీలోపు చలాన్ కట్టాలి. 13న షీట్ తయారుచేసి ఓనర్ టేబుల్ మీద పెట్టేవాణ్ణి. ఒక నెల ‘ముడిసరుకు వాళ్లకు ఇవ్వాలి, ఇది వచ్చే నెల చూద్దాం’ అన్నారు. వచ్చే నెల రెండు షీట్లు పెట్టాను, మళ్లీ అదే మాట. ఐదో నెలకు షీట్ల కట్ట క్లిప్పులో పట్టలేదు. జీతాల్లో కటింగ్ మాత్రం ఒక్క నెల ఆగలేదు. ఆయన చెడ్డమనిషేం కాదు, బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టుకు వడ్డీ కట్టాలి, పీఎఫ్ అడిగేవాడు లేడు, అంతే. ఆ మధ్యలో మెషీన్ ఆపరేటర్ ఒకతను చనిపోతే ఇంట్లోవాళ్లు ఇన్సూరెన్సు కోసం వచ్చారు. పీఎఫ్‌తోపాటు కంపెనీ కట్టాల్సిన ఇన్సూరెన్సు ఒకటుంది, ఈడీఎల్ఐ అంటారు, గరిష్ఠంగా 7 లక్షల వరకు కుటుంబానికి వస్తుంది. ఆ రోజు పాస్‌బుక్‌లో ఐదు నెలల ఖాళీ చూసి వాళ్లలో ఒక అమ్మాయి నన్నడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. చివరికి బకాయి, వడ్డీ, జరిమానా అన్నీ కట్టాకే ఆ ఫైలు కదిలింది. పీఎఫ్ కట్టకపోవడం అంటే ఏదో లేటయిందిలే అనుకోకండి అని చెప్పడానికే ఇదంతా.

చట్టం కూడా దీన్ని అలాగే చూస్తుంది. ఉద్యోగి వాటా కట్ చేసుకుని జమచేయకపోతే దాన్ని నమ్మకద్రోహం కింద క్రిమినల్ నేరంగా చూడాలని పాత ఐపీసీ 405లో స్పష్టంగా ఉండేది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 316లో ఉంది. లేటుకు ఏడాదికి 12 శాతం వడ్డీ, దానిపైన డ్యామేజెస్ వేరే. హెచ్ఆర్ భయపడే మాట ఇదే. గ్రాట్యుటీ అంటే నవ్వుతారు గానీ, ‘ఉద్యోగి వాటా కట్ చేసి కట్టలేదు’ అని రాతలో కనిపిస్తే ఫోన్ ఓనర్ దాకా వెళ్తుంది.

ఇంకోటి చూసుకోండి. కొన్నిచోట్ల పే స్లిప్‌లో 12 శాతం కాదు, 24 శాతం మీ జీతంలోంచే పోతుంది, కంపెనీ వాటా కూడా మీ నెత్తిన వేస్తారు. సీటీసీ షీట్‌లో కంపెనీ వాటా చూపించడం చాలామంది చేసేదే, చేరేటప్పుడే చెప్పారు కాబట్టి దాని మీద కొట్లాడి లాభం తక్కువ. కానీ ఒప్పుకున్న గ్రాస్ జీతంలోంచి కంపెనీ వాటా కోయడం పీఎఫ్ స్కీమ్ నేరుగా వద్దన్న పని.

ఇప్పుడు ఏం చేయాలి. గొడవ మొదలుపెట్టే ముందు కాగితాలు కూడబెట్టండి. చాలామంది ఆవేశంగా వెళ్లి హెచ్ఆర్‌తో తగువుపడతారు, మర్నాటికి మెయిల్ యాక్సెస్ పోతుంది, పే స్లిప్ పోర్టల్ లాక్ అవుతుంది. మీ లాగిన్ ఇంకా పనిచేస్తుంటే ఇవాళే పే స్లిప్‌లు డౌన్‌లోడ్ చేసుకోండి. బ్యాంకు స్టేట్‌మెంట్ ఆరేళ్లది తీయండి, జీతం పడిన ప్రతి లైనూ మీ సర్వీసుకు సాక్ష్యం. రాజీనామా మెయిల్, దాన్ని ఒప్పుకున్న జవాబు, షిఫ్టు గురించి వచ్చిన వాట్సాప్ మెసేజ్‌లు, గేట్ పాస్, ఐడీ కార్డు ఫోటో, ఏదీ చిన్నది కాదు.

ఒకసారి లేబర్ ఆఫీసులో కంపెనీ తరఫున కూర్చున్నాను. అవతల ఒక ప్యాకింగ్ వర్కర్, ఓవర్‌టైమ్ డబ్బులు సింగిల్ రేటుకు ఇచ్చారని కేసు. చట్టం ప్రకారం రెట్టింపు ఇవ్వాలి. మా దగ్గర ఉన్నదల్లా ‘నాకు ఎలాంటి బకాయిలు లేవు’ అని అతను సంతకం పెట్టిన జిరాక్సు. అతని దగ్గర ఒక చిన్న పాకెట్ డైరీ, రోజూ లోపలికి వచ్చిన టైము, బయటికి వెళ్లిన టైము పెన్సిల్‌తో రాసుకున్నది. ఆఫీసర్ మా జిరాక్సు చూసి పక్కన పెట్టి, ‘వేజ్ రిజిస్టర్ తెచ్చారా’ అని ఒకే ఒక్క మాట అడిగారు. తేలేదు. ఆ మధ్యాహ్నమే సెటిల్ చేసుకున్నాం. ఇప్పుడు వేతనాల కోడ్‌లో ఆ పద్ధతే రాతలోకి వచ్చింది, జీతం ఇవ్వలేదని ఉద్యోగి కేసు వేస్తే, ఇచ్చామని నిరూపించుకోవాల్సిన భారం కంపెనీదే. క్లెయిము మూడేళ్లలోపు వేయొచ్చు, తేలిన మొత్తంతోపాటు దానికి పదిరెట్ల వరకు పరిహారం వేసే అధికారం ఆ ఆఫీసర్‌కి ఉంది. పదిరెట్లు వేస్తారని ఆశపడకండి, కానీ ఆ అంకె ఉండటం వల్ల మాట్లాడే గొంతులు మారతాయి.

కాగితాలు చేతిలోకి వచ్చాక ఒక మెయిల్ పంపండి. బెదిరింపులు వద్దు, ‘చట్టపరమైన చర్యలు తీసుకుంటాను’ అని పదిసార్లు రాసిన మెయిల్‌ను ఎవరూ పట్టించుకోరు. నేనైతే ఇలా రాస్తాను:

‘నేను ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు స్టోర్స్‌లో పనిచేశాను. నా చివరి నెల జీతం రాలేదు. గ్రాట్యుటీ 7 సంవత్సరాలకు 13,000 వేతనం మీద 52,500 రూపాయలు, లెక్క జతచేశాను. ఫలానా నెల నుంచి 14 నెలలు నా జీతంలో పీఎఫ్ కట్ అయింది, ఖాతాలో జమకాలేదు, పే స్లిప్‌లు, పాస్‌బుక్ జతచేశాను. జమచేసిన చలాన్ల కాపీలు 7 రోజుల్లో పంపగలరు. గ్రాట్యుటీ కోసం ఫారం కూడా జతచేశాను.’

అంతే. హెచ్ఆర్‌కి, ఓనర్‌కి ఇద్దరికీ పంపండి, అదే కాగితాన్ని స్పీడ్ పోస్టులో కూడా పంపి రసీదు దాచుకోండి. ఫారం పేరు, నంబరు మారుతుంటాయి, అందుకని ఆగొద్దు, ఫారం తప్పయినంత మాత్రాన, లేటయినంత మాత్రాన హక్కు పోదు.

జవాబు రాకపోతే రెండు దారులు, రెండిటికీ కలిపి ఒకే ఫిర్యాదు పెట్టకండి. జీతం, గ్రాట్యుటీ మీ ఏరియా లేబర్ ఆఫీసు చూస్తుంది. పీఎఫ్ వాళ్ల పని కాదు, దానికి పీఎఫ్ చూసే కేంద్ర సంస్థ ఈపీఎఫ్‌ఓ ఉంది. పే స్లిప్ మీద మీ పీఎఫ్ నంబర్‌లో మొదటి ఐదు అక్షరాలు రాష్ట్రం, ఆఫీసు కోడ్, మీ యూనిట్ ఏ ఆఫీసు కిందకు వస్తుందో అక్కడే తెలుస్తుంది. వాళ్ల ఫిర్యాదుల పోర్టల్ ఈపీఎఫ్ఐజీఎంఎస్‌లో ఫిర్యాదు పెట్టి నంబరు రాసుకోండి. ప్రతి నెలా 27న ‘నిధి ఆప్కే నికట్’ పేరుతో జిల్లాల్లో అధికారులు కూర్చుంటారు, అక్కడికి కాగితాలతో వెళ్తే ఆన్‌లైన్లో నెలపట్టే పని ఒక్కోసారి ఒక్క పూటలో కదులుతుంది. అంతకుముందే ఈపీఎఫ్‌ఓ సైట్‌లో ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్‌లో మీ కంపెనీ పేరు కొట్టి చూడండి. ఏ నెలకు ఎంత కట్టారు, ఎంతమందికి కట్టారు అన్నది కనిపిస్తుంది. 60 మందిలో 35 మందికే కట్టి ఉంటే మీ సమస్య ఒక్కరిది కాదు, మిగతా పాతికమందితో మాట్లాడండి. పది సంతకాలున్న ఫిర్యాదు బరువే వేరు. కొత్త కోడ్‌లో బకాయిల విచారణకు ఐదేళ్ల గడువు కూడా పెట్టారు, కాబట్టి చూద్దాంలే అని నాన్చొద్దు.

నో డ్యూస్ కాగితం గురించి. డబ్బు ఖాతాలో పడకముందు ‘అన్నీ ముట్టాయి’ అని రాయకండి. చట్టం ముందు అది చెల్లకపోవచ్చు, కానీ చెల్లదని నిరూపించడానికి మీకు ఆర్నెల్లు పడుతుంది. రిలీవింగ్ లెటర్ అవసరం మరీ ఎక్కువై తప్పదనుకుంటే సంతకం కింద మీ చేత్తో ‘చివరి జీతం, గ్రాట్యుటీ, 14 నెలల పీఎఫ్ ఇంకా రావాలి, అభ్యంతరంతో సంతకం చేస్తున్నాను’ అని తేదీ వేసి, ఫోటో తీసుకుని ఇవ్వండి. కొత్త కంపెనీ వాళ్లు అడిగితే రాజీనామా ఒప్పుకున్న మెయిలూ, పీఎఫ్ సర్వీస్ హిస్టరీ చూపిస్తే చాలాచోట్ల సరిపోతోంది.

కామెంట్లలో ఒకరు బాండ్ (ఇన్నేళ్లు మానకుండా చేస్తానని రాసిచ్చే ఒప్పందం) గురించి అడిగారు, క్లుప్తంగా చెప్తాను. బాండ్లన్నీ చిత్తుకాగితాలు అనేవాళ్ల మాట నమ్మొద్దు. మూడేళ్లు చేయాలి, లేదంటే 2 లక్షలు కట్టాలి అన్న బ్యాంకు బాండ్‌ను 2025లో విజయా బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. అలాగని రాసుకున్నంతా వసూలు చేస్తామన్నా కుదరదు, కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం సమంజసమైన నష్టానికి మించి రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే పెట్టుకుని తిరిగి ఇవ్వం అంటే మాత్రం అది బాండ్ విషయం కాదు, రాతపూర్వకంగా అడిగి ఇవ్వకపోతే పోలీస్ స్టేషన్‌కు వెళ్లాల్సిన విషయం. కాంట్రాక్టర్ కింద చేసేవాళ్లు అడిగినదానికి: కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న అసలు కంపెనీదే బాధ్యత, ఫిర్యాదులో ఇద్దరి పేర్లూ రాయండి.

చివరగా ఒక జాగ్రత్త, ఇది యూట్యూబ్ వీడియోల్లో చెప్పరు. కంపెనీ మీ పీఎఫ్ ఖాతాలో మానేసిన తేదీ వేయకపోతే మీరే ‘మార్క్ ఎగ్జిట్’ నొక్కొచ్చు. మీరు ఇప్పుడు దాన్ని ముట్టుకోవద్దు. అక్కడ ఆఖరి సారి డబ్బు పడిన నెలలోని తేదీనే వేయనిస్తుంది, అంటే 14 నెలల క్రితమే మానేసినట్టు మీ చేత్తో మీరే రాసుకున్నట్టు అవుతుంది. ఆ కాగితం రేపు ఎవరికి పనికొస్తుందో మీకే తెలుసు. ముందు ఆ నెలలు కట్టించాలి, తర్వాతే ఎగ్జిట్, ఆ తర్వాత కొత్త కంపెనీకి ట్రాన్స్‌ఫర్. విత్‌డ్రా చేయకండి, పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి, ఈ ఆరున్నరేళ్లు ఎందుకు పోగొట్టుకోవాలి.

ఇవాళ రాత్రికి పాస్‌బుక్ తెరిచి, డబ్బు ఆగిన మొదటి నెల ఏదో, ఆ నెల పే స్లిప్ మీ దగ్గర ఉందో లేదో చూసి ఇక్కడే రాయండి. లేకపోతే దాన్ని సంపాదించే దారి వేరే ఉంది, అది అప్పుడు చెప్తాను.